నిలువ నీడ, నిలువ నేల

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నది తెలుగువారి సామెత. గృహనిర్మాణంలోని కష్టనష్టాలన్నింటినీ పెద్దలు ఆ కొద్ది మాటలలో ఇమిడ్చి చెప్పారు. అయితే ఆ సామెతను పుట్టించినవాడు ఎటువంటివాడై ఉంటాడని ఆలోచించినవారు అరుదు. నిస్సందేహంగా వాడు నివేశనస్థలం కలవాడు. కలపకూ, సున్నానికీ, ఇటుకకూ, తాపీపనివాని కూలికీ డబ్బు చాలక అవస్థపడినవాడే తప్ప, పునాది ఎక్కడ తవ్వాలో తెలియక తిరిగినవాడు కాడు. పునాదికి చోటే లేనివాని బాధకు భాషలో వేరొక మాట ఉన్నది: నిలువ నీడ లేదు. ఆ మాట వినగానే అందరి చెవినీ 'నీడ' తాకుతుంది. 'నిలువ' అన్నది జారిపోతుంది. కాని నీడకు ముందు నిలవడం ఉన్నది. నిలవడానికి నేల కావాలి. స్వతంత్ర భారతదేశంలో గృహవసతిని గురించి పాలకులు చేసిన ఆలోచన చాలావరకు నీడను గురించే సాగింది. ఎన్ని కప్పులు వేశారు, ఇంకా ఎన్ని వేయాలి అన్నదే లెక్క. ఆ కప్పు ఎవరి నేలమీద నిలుస్తుంది, దానికింద ఉండేవాని పనికి అది ఎంత దూరం అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా వారి గొంతు సన్నగిల్లింది. పల్లెలోనూ పట్టణంలోనూ ఈ సమస్య ఇన్ని దశాబ్దాలుగా తెమలకపోవడానికి మూలకారణం ఆ మౌనమే.

ముందుగా ప్రభుత్వపు లెక్కలనే పరిశీలించవచ్చు. దేశంలోని పట్టణాలలో 1 కోటి 87 లక్షల 80 వేల ఇళ్లు కొరతగా ఉన్నవని కేంద్రప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం 2012లో తేల్చింది. ఈ సంఖ్యను పట్టుకొని నాటినుండి ఎందరో ఉపన్యాసాలు చేశారు. దానిని విప్పి చూసినవారు కొద్దిమంది. అందులో బొత్తిగా ఇల్లే లేని కుటుంబాలకు సంబంధించినది 5 లక్షల 30 వేలు. శిథిలమైన ఇళ్లూ, నివాసయోగ్యం కాని కచ్చా ఇళ్లూ మరికొంత. మిగిలిన సుమారు కోటిన్నర ఇరుకువల్ల ఏర్పడిన కొరత. అంటే తలమీద కప్పు ఉన్నది. కాని దానికింద పెళ్లయిన కొడుకూ కోడలూ తలదాచుకోవడానికి వేరొక గది లేదు. మొత్తం కొరతలో 95 శాతానికి పైగా బీదవారిదీ అల్పాదాయవర్గాలదీ అని ఆ బృందమే చెప్పింది. ఇక రెండవ లెక్క. 2011 జనాభా లెక్కలలో దేశంలోని పట్టణాలలో సుమారు 1 కోటి 11 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. ఒకవంక కోటిన్నర కుటుంబాలు ఇరుకులో ఊపిరాడక ఉంటే, మరొకవంక కోటికి పైగా ఇళ్లు మనుష్యసంచారం లేక ఉన్నవి. ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాత కూడా ఈ దేశపు రోగం ఇటుకల కొరతే అని ఎవరైనా అంటే, వారికి రోగం తెలియదనైనా అనుకోవాలి, మందు అమ్ముకొనేవారనైనా అనుకోవాలి.

ఇది ఇటుకల కొరత కాదు. బీదవాడు తన సంపాదనకు తగినట్టు, తన పనికి అందుబాటులో, ఎవరూ లేవగొట్టలేని చోటు సంపాదించలేకపోవడమే అసలు కొరత. పల్లెకు వెళ్లి చూసినా ఇదే రుజువవుతుంది.

పల్లెలో భూస్వామ్యాన్ని గురించి మాట్లాడేవారు పంటపొలాన్ని గురించి మాట్లాడతారు. గుడిసె కింద ఉన్న రెండు సెంట్ల నేలను గురించి మాట్లాడేవారు తక్కువ. కూలివానిని ఆసామికి కట్టిపడవేసిన బలమైన పలుపుతాడు మాత్రం ఆ రెండు సెంట్లే. గుడిసె వాడిదే, వాసాలూ, తాటాకులూ, మట్టిగోడా వాడి చెమటే, నేల ఆసామిది. కూలి చాలదని నోరు విప్పిననాడు ఆసామి కూలి తగ్గించనక్కరలేదు. నా దొడ్డిలోనుంచి గుడిసె తీసివేయమంటే చాలు. పనిలోనుంచి తొలగించినవాడు మరొక పని వెతుక్కుంటాడు. నేలమీదనుంచి తొలగించినవాడు భార్యాబిడ్డలతో, ముసలి తల్లితో, కుండాచట్టితో సహా రోడ్డున పడతాడు. ఇక ఊరుమ్మడి స్థలంలో వెలసిన వాడల సంగతి. ఊరి పల్లానో, చెరువు మురుగు పారే దిక్కునో తాతలనాడు ఎన్ని గజాలు గీసి విడిచారో, మనుమల సంసారాలు కూడా అందులోనే సర్దుకోవాలి. కులం గీసిన ఆ హద్దును ఏ సర్వేయరూ జరపలేదు. 2011లో జరిగిన సామాజిక ఆర్థిక కులగణన ప్రకారం గ్రామీణ కుటుంబాలలో 56 శాతానికి భూమి లేదు. 30 శాతం భూమి లేక శరీరకష్టంతో కూలి చేసుకొని బ్రతికేవి. ఇంత పెద్ద సమూహానికి 'ఇల్లు కట్టుకో, సాయం చేస్తాము' అని చెప్పిన ప్రభుత్వం 'ఎక్కడ కట్టుకుంటావు?' అని మొదట అడుగవలసి ఉండెను.

అడుగలేదని చెప్పడం పూర్తిగా న్యాయం కాదు. అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయిందని చెప్పడం న్యాయం. బీహారు చరిత్ర చూడండి. పరాయి భూమిమీద గుడిసె వేసుకున్న కూలివానికి ఆ నివేశనస్థలంపై శాశ్వతమైన కౌలుహక్కు కల్పించే చట్టం ఆ రాష్ట్రంలో 1947లోనే వచ్చింది. ఆ హక్కుకు రుజువుగా ఇచ్చే కాగితాన్ని అక్కడివారు 'బాస్‌గీత్ పర్చా' అంటారు. అంత ముందుచూపుగల చట్టం చేసిన రాష్ట్రంలోనే, ఆరు దశాబ్దాలు గడచిన తరువాత, 2008లో భూసంస్కరణల కమిషను నివేశనస్థలం లేని గ్రామీణ కుటుంబాల సంఖ్యను లక్షలలో చెప్పవలసి వచ్చింది. కుటుంబానికి పది డెసిమళ్ల చొప్పున ఇవ్వమని డి. బందోపాధ్యాయ అధ్యక్షతన ఆ కమిషను సిఫారసు చేసింది. నివేదిక కచేరీ బీరువాలోకి చేరింది. చట్టం పుస్తకంలో ఉన్నది, నివేదిక బీరువాలో ఉన్నది, కూలివాడు మాత్రం ఎవరి నేలమీద ఉండేవాడో వారి నేలమీదనే ఉన్నాడు.

కేంద్రప్రభుత్వపు పథకాలదీ ఇదే వరుస. గ్రామీణ గృహనిర్మాణానికి మొదటి పథకం 1957లో వచ్చింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. దానికింద లక్షల ఇళ్లు లేచిన మాట కాదనరానిది. కాని ఆ ఇళ్లు ముఖ్యంగా స్థలం కలవారికే లేచినవి. స్థలం లేనివారిని గురించిన ఆలోచన ఆ పథకంలో చోటుచేసుకొనడానికి 2009 దాకా పట్టింది. అప్పుడు స్థలం సంపాదించడానికి కుటుంబానికి కేటాయించిన మొత్తం 10,000 రూపాయలు. కొంతకాలానికి అది 20,000 అయినది. ఆ సొమ్ముకు రోడ్డుపక్కన, నీటి వసతికి దగ్గరగా, నాలుగు ఇళ్ల నడుమ స్థలం ఇచ్చే పుణ్యాత్ముడు ఏ గ్రామంలో ఉన్నాడో పథకం రాసినవారే చెప్పాలి. 2016లో ఆ పథకం పేరు మారి ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయినది; మైదానప్రాంతాలలో సాయం 1 లక్షా 20 వేల రూపాయలుగా, ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లుగా నిర్ణయించారు. స్థలం లేనివానికి స్థలం చూపే బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించారు. బాధ్యతను ఒకరు మరొకరికి అప్పగించినప్పుడల్లా లబ్ధిదారుల జాబితాలో చివరివరుసన మిగిలిపోయేవాడు భూమి లేనివాడే.

పైగా ఆ 25 చదరపు మీటర్లలో పల్లెజీవితం ఎంతవరకు ఇముడుతుందో ఆలోచించాలి. పల్లెలో ఇల్లంటే పడుకునే గది మాత్రమే కాదు. వడ్లు ఆరబోసుకునే వాకిలి, గేదెను కట్టే కొట్టం, కట్టెలు పేర్చుకునే మూల, సాయంకాలం నలుగురు కూర్చునే అరుగు, కాన్పుకు వచ్చిన కూతురికి ఒక పంచ, ఇవన్నీ కలిస్తే ఇల్లు. కాంక్రీటు పెట్టెవంటి ఒక గదిని ఇచ్చి, ఫొటో తీసి, పూర్తయినదని రాసుకున్నంత మాత్రాన అది పూర్తికాదు. వేసవిలో ఆ కప్పుకింద పడుకోలేక యజమాని దాని ముందే తాటాకు పందిరి వేసుకుంటాడు. పాతగుడిసె చల్లదనం వాడికి తెలుసు. కొత్త ఇంటికోసం చేసిన అప్పు వేడి కూడా తెలుసు.

ఇందుకు భిన్నమైన దారి దేశంలో లేకపోలేదు. కేరళలో పరాయిభూమిలో గుడిసె వేసుకొని ఉండేవానిని 'కుడికిడప్పుకారన్' అంటారు. 1963నాటి భూసంస్కరణల చట్టాన్ని 1969లో సవరించి, 1970 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చినప్పుడు, అటువంటివాడు తన గుడిసె ఉన్నచోటనే పంచాయతీలో పది సెంట్లు, పురపాలక పట్టణంలో ఐదు సెంట్లు, మహానగరంలో మూడు సెంట్లు స్వల్పమైన ధరకు కొనుక్కునే హక్కు పొందాడు. ఆ హక్కుకోసం ఊరూరా ఉద్యమం నడిచింది. తమ చోటు తామే కొలుచుకొని కంచె వేసుకున్నారు. లక్ష ఇళ్ల పథకం అక్కడ 1972లో వచ్చింది. ఈ క్రమం గమనించదగినది: ముందు నేల, తరువాత ఇల్లు. నేల చేతికి వచ్చిన కూలివాడు కూలిరేటు గురించి తల ఎత్తి మాట్లాడగలిగాడు. పెరటిలో కొబ్బరిమొక్క నాటుకున్నాడు. పిల్లవానిని ఒకే బడికి ఏళ్ల తరబడి పంపగలిగాడు. ఇటుకతో సాధ్యంకాని పని ఒక కాగితంతో సాధ్యమైంది. కాగితం వెనుక నేల ఉన్నది గనుక సాధ్యమైంది.

పల్లెలో నేల దొరకనివాడు పట్టణానికి బయలుదేరుతాడు. ఇది ఈనాటి ప్రయాణం కాదు. బొంబాయి నగరంలోని కామాటిపురా, హైదరాబాదు సంస్థానం నుండి వలసపోయిన కమాటీల పేరుమీద వెలసింది. వారు ఆ నగరం కట్టడానికి వెళ్లిన తెలుగు కూలీలు. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలకు మట్టి మోశారో, ఎన్ని కాలువలు తవ్వారో లెక్కలేదు. కట్టడం అయిన మరునాడు కట్టినవాడు ఎక్కడ ఉన్నాడని ఎవరూ అడుగలేదు. నగరాలకు కూలివాని చేతులు కావాలి. ఆ చేతులకు అంటుకొని ఒక శరీరమూ, ఆ శరీరాన్ని నమ్ముకొని ఒక సంసారమూ ఉంటవన్న సంగతి నగరపాలకులకు గుర్తుండదు.

గుర్తుకు వచ్చినప్పుడు వారు చేసిన మొదటి పని కూల్చడం. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. ఇరుకు చాళ్లే రోగానికి కారణమని తేల్చి వాటిని పడగొట్టి వెడల్పయిన వీథులు వేశారు. కూల్చినన్ని గదులు ట్రస్టు కట్టలేకపోయిందన్న విమర్శ ఆనాడే వచ్చింది. ఇల్లు పోయినవారు ఆకాశంలో కలిసిపోరు గదా. పక్క చాలులో చేరి దానిని మరింత ఇరుకు చేశారు. 1914లో భారతదేశానికి వచ్చి అనేక పట్టణాలను పరిశీలించి నివేదికలు రాసిన స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డీస్ ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించాడు. పేటను పడగొట్టడం వైద్యం కాదనీ, పాడైన ఒకటి రెండు కట్టడాలను తీసి, నూతులు బాగుచేసి, చెట్టునూ ఖాళీస్థలాన్నీ కాపాడి, ఉన్నవారిని ఉన్నచోటనే ఉండనిచ్చే సున్నితమైన శస్త్రచికిత్స చేయాలనీ వాదించాడు. నూరేళ్లు దాటినవి. ఆయన నివేదికలను పట్టణనిర్మాణ విద్యార్థులు పరీక్షకు చదువుతారు. ఉద్యోగంలో చేరిన తరువాత బుల్‌డోజరును పంపుతారు.

స్వతంత్రం వచ్చిన తరువాత ఢిల్లీలో ఏమి జరిగినదో చూస్తే దీనికి దృష్టాంతం వెతుకనక్కరలేదు. 1956లో మురికివాడల చట్టం వచ్చింది. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడి, నగరవిస్తరణకు కావలసిన భూమిని సేకరించి అభివృద్ధిచేసే అధికారం ఇంచుమించు గుత్తగా పొందింది. ఆ భూమిలో సంపన్నులకు ప్లాట్లు, మధ్యతరగతికి ఇళ్లు, వర్తకానికి కేంద్రాలు లేచినవి. బీదవారికి చూపవలసిన భాగం మాత్రం ఎప్పుడూ లక్ష్యానికి వెనుకబడే ఉన్నది. చట్టసమ్మతంగా చోటు దొరకనివాడు చట్టానికి వెలుపల చోటు చూసుకున్నాడు. అప్పుడు వానికి ఆక్రమణదారు అని పేరు పెట్టారు. 1960 ప్రాంతంలో గుడిసెలు తొలగించి పునరావాసం ఇచ్చే పథకంలో మొదట 80 చదరపు గజాల ప్లాటు ఇచ్చేవారు. అది 25 గజాలకు తగ్గింది. 2000 తరువాతి పునరావాస కాలనీలలో కొన్ని ప్లాట్లు 18 చదరపు మీటర్లు, కొన్ని 12.5 చదరపు మీటర్లు. పన్నెండున్నర చదరపు మీటర్లంటే ఇంచుమించు పన్నెండడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. దేశం సంపన్నమవుతున్నకొద్దీ బీదవాని ప్లాటు కుంచించుకుపోవడం ఏ అర్థశాస్త్రసూత్రమో పండితులు వివరించాలి.

ప్లాటు తగ్గినకొద్దీ దూరం పెరిగింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975-77 నడుమ, ఢిల్లీలో లక్షలాది మందిని నగరం అంచులకు తరలించారు. 1976 ఏప్రిల్‌లో తుర్క్‌మాన్ గేటు దగ్గర జరిగిన దారుణం అందరికీ తెలిసినదే. అది నియంతృత్వపు పని అని సరిపెట్టుకొనేవారికి 2004 జవాబు చెపుతుంది. ఆ ఏడు ప్రజాస్వామ్యం నిక్షేపంగా ఉండగానే యమునాపుష్తా వాడలను కూల్చి, అర్హులని తేలినవారిని సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న బవానా వంటిచోట్లకు పంపారు. అర్హత రుజువు చేసుకోలేనివారికి అది కూడా లేదు. రిక్షా తొక్కేవాడు, పాచిపని చేసే ఆడమనిషి, కాగితాలు ఏరుకునేవాడు, వీరి జీవనం నడకదూరంమీద ఆధారపడినది. ముప్పై కిలోమీటర్లు దూరం చేస్తే ఇల్లు ఇచ్చినట్టు కాదు, పని తీసుకున్నట్టు. మగవాడు బస్సెక్కి వెళ్లి రాత్రికి తిరిగివస్తాడేమో. చంటిపిల్లను పెట్టుకొని నాలుగిళ్లలో పని చేసుకునే స్త్రీకి ఆ దారికూడా మూసుకుపోతుంది.

న్యాయస్థానం ఈ సంగతిని గుర్తించకపోలేదు. బొంబాయి కాలిబాటలమీద ఉండేవారి వ్యాజ్యంలో 1985లో సర్వోన్నత న్యాయస్థానం, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కలిసి ఉన్నదనీ, బీదవాడు కాలిబాటమీద ఉండడం పనికి దగ్గరగా ఉండడం కోసమేననీ స్పష్టంగా చెప్పింది. చెప్పి, నోటీసు ఇచ్చి తొలగించవచ్చునన్నది. తర్కం ఒక దిక్కు నడిచింది, తీర్పు మరొక దిక్కు నడిచింది. 2000లో ఢిల్లీ చెత్తకు సంబంధించిన మరొక వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, ప్రభుత్వభూమిని ఆక్రమించినవానికి బదులుస్థలం ఇవ్వడం జేబుదొంగకు బహుమానం ఇవ్వడం వంటిదన్నది. 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పులో, నేరారోపణ ఉన్నంతమాత్రాన ఇల్లు కూల్చరాదనీ, కూల్చేముందు పదిహేను రోజుల నోటీసు తప్పదనీ ఆదేశించింది. హర్షింపదగిన ఆదేశమే. కాని రోడ్డు, కాలిబాట, రైలుపట్టా, నదిగట్టు వంటి బహిరంగస్థలాలలోని కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని అందులోనే ఉన్నది. అతి బీదవాడు ఉండేది సరిగా ఆ చోట్లలోనే. గొడుగు పట్టి, తడిసేవానిని దానికి వెలుపల నిలబెట్టినట్టయింది.

జేబుదొంగ పోలికను ఇంత సులభంగా వదలరాదు. విద్యావంతుల ఇళ్లలో అది నిత్యం వినబడే వాదం. నేల ప్రజలదనీ, ఒకడు దానిని కాజేశాడనీ, చట్టాన్ని పాటించి ఇల్లు కొనుక్కున్నవాడు తెలివితక్కువవాడా అనీ అడుగుతారు. ప్రశ్న సమంజసంగానే కనిపిస్తుంది. అయితే దొంగతనం అనాలంటే దుకాణం తెరచి ఉండాలి, సరుకు అమ్మకానికి ఉండాలి, కొనగలిగి కూడా ఎత్తుకుపోయినవాడు దొంగ. రోజుకూలివానికి అందే ధరకు ఒక్క గజం కూడా అమ్మకానికి పెట్టని నగరంలో, వానిని పనికి పిలిచి, వాని చేత గోడలు కట్టించుకొని, పొద్దుగూకిన తరువాత నీవెక్కడ పడుకుంటావో మాకు సంబంధం లేదనడం ఏ నీతి? పైగా ఆక్రమణ బీదవాడు ఒక్కడే చేశాడా? చెరువులు పూడ్చి లేచిన భవంతులు ఏ నగరంలో లేవు? అక్కడ జరిమానా కట్టించుకొని క్రమబద్ధీకరణ అంటారు. ఇక్కడ పోలీసులను పెట్టి తొలగింపు అంటారు. నేరం ఒకటే అయినప్పుడు రెండు పేర్లు ఎందుకు? మురికివాడ అన్న పేరులోనే ఒక అన్యాయం ఉన్నది. మురుగుకాలువ తవ్వవలసినది పురపాలక సంఘం, చెత్త ఎత్తవలసినది పురపాలక సంఘం. మురికి అన్న పేరు మాత్రం అక్కడ నివసించేవారిది.

రెండవ వాదం మార్కెట్టును నమ్మేవారిది. వాడ ఉన్న నేలలో కొంతభాగం బిల్డరుకు ఇస్తే, వాడు మిగిలిన భాగంలో వాడవారికి ఉచితంగా అంతస్తుల ఇళ్లు కట్టి ఇస్తాడు, ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు అంటారు. బొంబాయిలో 1995లో ఈ పద్ధతి మొదలయింది. ఉన్నచోటనే ఉండనివ్వడం దీనిలోని మంచి, అది ఒప్పుకోవాలి. కాని బిల్డరు వచ్చేది నేల ధర ఎక్కువ ఉన్నచోటికి, అవసరం ఎక్కువ ఉన్నచోటికి కాదు. వాడు అమ్ముకునే భాగానికి గాలీ వెలుతురూ ఉంటవి. వాడవారి భాగంలో భవనాలు ఒకదానిమీద ఒకటి పడేటట్టు లేస్తవి. ముంగిట కుట్టుమిషను పెట్టుకున్నవానికీ, అప్పడాలు ఆరబెట్టుకునే ఆమెకూ ఏడవ అంతస్తులో ఏమి మిగులుతుంది? లిఫ్టు చెడిపోయిననాడు ముసలివారు ఖైదీలే. నగరాలలో మిగులుభూమిని తీసుకొని బీదవారికి ఇవ్వడానికి 1976లో చేసిన పట్టణ భూపరిమితి చట్టం మినహాయింపులతో చిల్లులుపడి, చివరకు 1999లో కేంద్రం చేత రద్దయినది. ఆ చట్టం విఫలమైందని మార్కెట్టువాదులు చెపుతారు. విఫలమైంది నిజమే, దానిని అమలు జరుపనివారి విజయం కూడా అందులోనే ఉన్నది.

2015లో పట్టణాలకు వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా ఈ గీత దాటలేదు. దానికింద మంజూరైన కోటికి పైగా ఇళ్లలో సగానికి మించినవి సొంతస్థలం ఉన్నవారు సాయం తీసుకొని కట్టుకునేవి. వాడను ఉన్నచోటనే పునర్నిర్మించే విభాగం వాటా అత్యల్పం. అంటే పల్లెలో జరిగినదే పట్టణంలోనూ జరిగింది: నేల ఉన్నవానికి నీడ దొరికింది, నేల లేనివాడు జాబితాలో పేరుగా మిగిలాడు.

తెలుగునాట రెండు రాష్ట్రాలూ ఇటీవల రెండు దారులు పట్టినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 నుండి సుమారు ముప్పై లక్షల కుటుంబాలకు నివేశనస్థలాల పట్టాలు ఇచ్చే కార్యక్రమం సాగింది. పట్టణంలో ఇంచుమించు ఒక సెంటు, గ్రామంలో సెంటున్నర. నేల అన్న మాట పలికినందుకు ప్రశంసించాలి. కాని ఒక సెంటు అంటే 48 గజాల చిల్లర. పైగా లేఅవుట్లు అనేకం ఊరికి దూరంగా, కొన్ని పల్లపుచోట్ల పడినవి. తెలంగాణలో 2023 జూన్‌లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు చెంత కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్లను ఒకే ఆవరణలో ప్రారంభించారు. గదుల విషయంలో దేశంలోని ఏ పథకానికీ అది తీసిపోదు. కాని అంతమంది బీదలను ఒకేచోట నగరం అంచున చేర్చినప్పుడు వారి పని నగరం నడుమనే ఉండిపోయింది. మద్రాసు నగరం ఈ పాఠాన్ని ముందే నేర్చుకొని ఉండవలసింది. 1970లో ఏర్పడిన తమిళనాడు వాడల నిర్మూలనా సంస్థ తొలిదశలో ఉన్నచోటనే అంతస్తుల ఇళ్లు కట్టింది. 2000 తరువాత కణ్ణగినగర్, పెరుంబాక్కం వంటి దూరపు సముదాయాలకు తరలించడం మొదలుపెట్టింది. మంచిగది చెడుచోట ఉంటే అది మంచి ఇల్లు కాదు.

మూడవ వాదం అన్నిటికన్నా పాతది: బీదవానికి పట్టా ఇస్తే రేపే అమ్ముకొని మరొకచోట గుడిసె వేస్తాడు. తన ఇల్లు అమ్ముకొని పెద్ద ఇల్లు కొనుక్కున్న ఉద్యోగిని ఎవరూ తప్పుపట్టరు; బీదవాడు అదేపని చేస్తే మోసం. అయినా ఈ భయానికీ జవాబు ఉన్నది. ఒడిశా 2017లో చేసిన చట్టం ప్రకారం వాడలలో నివసించేవారికి వారున్నచోటనే హక్కు ఇచ్చారు. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, తాకట్టుకు పనికివస్తుంది, పరులకు బదలాయించరాదు. బ్యాంకుకు తాకట్టుగా ఒప్పుకునే నేలను నమ్మి గోడ పెట్టడానికి ఎవరూ జంకరు. పొరుగుదేశాల అనుభవమూ ఇదే. శ్రీలంకలో 1984లో ఆరంభమైన పదిలక్షల ఇళ్ల కార్యక్రమంలో ప్రభుత్వం స్వయంగా ఇళ్లు కట్టడం తగ్గించి, చిన్న అప్పులిచ్చి ప్రజలను కట్టుకోనిచ్చింది. కరాచీలోని ఓరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఆరంభించిన కార్యక్రమంలో వీథివీథివారూ కూడి, తమ డబ్బుతో తమ సందులలో మురుగుకాలువలు వేసుకున్నారు. రేపు లేవగొడతారన్న భయం ఉన్నచోట ఎవడూ కాలువ తవ్వడు. సోమరితనమని దొరలు పేరుపెట్టినది చాలాచోట్ల ఆ భయమే.

ఈ విధానమంతటికీ పరీక్ష 2020 మార్చిలో వచ్చింది. దేశమంతా ఇళ్లలోనే ఉండమని ఆజ్ఞ వెలువడిననాడు, నగరాలు కట్టిన కూలీలకు ఉండడానికి ఇల్లు లేదని లోకానికి తెలిసింది. ఆరుగురు పడుకునే గదికి అద్దె కట్టలేక, కట్టుడుపని జరిగే స్థలంలో రేకులకింద ఉండలేక, నెత్తిన మూట, చంకన బిడ్డతో వారు వందల మైళ్లు నడిచారు. వారు నడిచినది ఎక్కడికి? పల్లెలో తమకు మిగిలిన ఆ ఒక్క మూలకు. ఆ మూల కూడా లేనివారు నడవడానికైనా నోచుకోలేదు. ఆ వేసవిలో ప్రభుత్వం నగరాలలో అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. కప్పులు లెక్కించే బల్లమీద వలసకూలివాని అద్దెగది అంతవరకు లెక్కకే రాలేదన్నమాట.

కనుక చేయవలసినది మరొక పథకానికి మరొక పేరు పెట్టడం కాదు, ప్రశ్నల వరుస మార్చడం. ఎన్ని ఇళ్లు అన్న ప్రశ్నకు ముందు ఎవరి నేలమీద అన్న ప్రశ్న రావాలి. గ్రామంలో నివేశనస్థలం లేని ప్రతి కుటుంబానికీ, ఊరికి ఆనుకొని, కులం గీసిన గీతకు లోబడకుండా, దొడ్డికీ వాకిలికీ చాలినంత నేల చట్టప్రకారం దక్కాలి; ఆ కాగితంమీద స్త్రీపేరు ఉండాలి. పట్టణంలో నివసించేవారిని ప్రాణాపాయం ఉన్నచోటనుంచి తప్ప తరలించరాదు. తరలించినా నడకదూరం దాటరాదు. కొత్తగా వచ్చే కూలివానికి తన సంపాదనలో తగుమాత్రపు భాగంతో అద్దెగది దొరకాలి. ప్రభుత్వశాఖల చేతులలో గడ్డిమొలిచి పడివున్న భూమిని మొదట ఇందుకు కేటాయించాలి, వేలానికి తరువాత పెట్టవచ్చు. ఇందులో ఏ ఒక్కటీ కొత్తది కాదు, ఏ ఒక్కటీ అసాధ్యం కాదు. ఒక్కొక్కటి ఏదో ఒక రాష్ట్రంలో, ఏదో ఒక చట్టంలో ముందే ఉన్నది.

ఇల్లు కట్టడం ఈ దేశప్రజలకు ఎవరూ నేర్పనక్కరలేదు. దేశంలోని ఇళ్లలో అత్యధికభాగం ఏ ఇంజనీరూ చూడకుండా, ఏ మంత్రీ రిబ్బను కత్తిరించకుండా, జనం తమంతట తాము కట్టుకున్నవే. ఒక ఏడు గోడ, మరొక ఏడు తలుపు, కూతురి పెళ్లినాటికి సున్నం, ఇలా ఇరవై ఏళ్లు కట్టుకుంటారు. వారు ప్రభుత్వాన్ని అడిగేది ఆ ఇరవై ఏళ్లు తమను లేవగొట్టకుండా ఉండడం. గోడ కూలివాడే పెట్టుకుంటాడు. నేల విడవవలసినవారు ముందు నేల విడవాలి.